కాల్చబోమన్న గఢ్వాలీ సిపాయిలు: పెషావర్ కేసు (1930) పరిశీలన

1931 మార్చి 5న గాంధీజీకీ వైస్రాయ్ ఇర్విన్‌కూ కుదిరిన ఒప్పందంలో ఖైదీల విడుదల గురించిన భాగం చదివితే, హింసకు పాల్పడని సత్యాగ్రహ ఖైదీలను వదిలిపెట్టాలన్న షరతు పక్కనే ఒక మినహాయింపు కనిపిస్తుంది. ఆజ్ఞలను ధిక్కరించిన నేరానికి శిక్షపడిన సైనికులకూ పోలీసులకూ ఈ క్షమాభిక్ష వర్తించదన్నది దాని సారాంశం. అటువంటి కేసులు బహు కొద్దిగానే ఉన్నాయని కూడా ఆ వాక్యంలోనే రాశారు. ఆ కొద్దిలో అన్నిటికంటే పెద్దది 18వ రాయల్ గఢ్వాల్ రైఫిల్స్ రెండో బెటాలియన్ జవాన్లది. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో పెషావర్‌లో నిరాయుధులైన జనం మీద తుపాకులు ఎక్కుపెట్టడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. ఉప్పు వండి జైలుకు వెళ్ళినవాళ్ళు ఆ ఒప్పందంతో ఇళ్ళకు చేరుకున్నారు. తుపాకీ పేల్చనని జైలుకు వెళ్ళినవాళ్ళు మాత్రం లోపలే ఉండిపోయారు.

సైనిక న్యాయ వ్యవహారాలు చూసే న్యాయవాదిగా నేను ఈ కేసు దగ్గరికి తరచు రావలసి వస్తుంది. సెలవు మీద ఊరికి వచ్చిన జవాను ఏదో పింఛను కాగితం పనిమీద ఆఫీసుకు వచ్చి, లేవబోతూ, “సార్, ఆర్డరే తప్పయితే ఏం చెయ్యాలి?” అని అడుగుతాడు. మన చట్టంలో దానికి సూటి జవాబు లేదు. అంతరాత్మ ఒప్పుకోక చేసే నిరాకరణకు మన సైనిక చట్టంలో ప్రత్యేకమైన సెక్షనేదీ లేదు కనుక, అడిగినవాడికి నిజాయితీగా చెప్పగలిగేది ఇటువంటి కేసుల్లో ఏం జరిగిందో వివరించడమే. ఆ జవాన్లకు నాయకుడైన చంద్రసింగ్ గఢ్వాలీ పేరు ఉత్తరాఖండ్‌లో వీరుడి పేరుగా స్థిరపడిపోయింది. శ్రీనగర్ (గఢ్వాల్)లోని ప్రభుత్వ వైద్య కళాశాలకు ఆయన పేరే పెట్టారు, 1994లో తపాలా బిళ్ళ కూడా వేశారు. ఈ వ్యాసం వీరగాథ కోసం రాసింది కాదు. ఆ సిపాయిలు కచ్చితంగా దేన్ని నిరాకరించారు, ఆ నిరాకరణను చట్టం ఏ పేరుతో చూసింది, దాని బరువు చివరికి ఎవరి నెత్తిన పడింది అన్న విషయాల మీదే నా దృష్టి.

గఢ్వాల్ కొండవాలుల్లో మెట్లు మెట్లుగా చెక్కిన చిన్న మడుల సేద్యంతో కుటుంబం గడవదు. అందుకని ఇంటికొక కొడుకు పటాలంలో చేరడం, అతడు పంపే మనీఆర్డరుతో ఇల్లు నడవడం అక్కడ తరాలుగా వస్తున్న పద్ధతి. లాన్స్‌డౌన్ ఆ రెజిమెంటుకు కేంద్రం. మొదటి ప్రపంచ యుద్ధంలో దర్వాన్ సింగ్ నేగీ, గబ్బర్ సింగ్ నేగీ అనే ఇద్దరు గఢ్వాలీలు విక్టోరియా క్రాస్ పొందారు. 1921లో రెజిమెంటు పేరుకు ముందు ‘రాయల్’ చేరింది. 1891లో పుట్టిన చంద్రసింగ్ 1914లో ఈ రెజిమెంటులోనే చేరి, 1915లో ఫ్రాన్సులోనూ 1917లో మెసొపొటేమియాలోనూ యుద్ధం చేశాడు. తరువాత ఆర్యసమాజ భావాలు వంటబట్టాయి, పత్రికలు చదివే అలవాటు పెరిగింది. పెషావర్ నాటికి అతడు హవల్దారు. వయసు నలభైకి దగ్గర పడింది, పదహారేళ్ళ సర్వీసు వెనక ఉంది. కొత్తగా చేరిన కుర్రాడు భయపడో ఉద్రేకపడో చేసిన పనిగా దీన్ని తీసిపారేయడానికి వీలు లేకుండా చేసే వివరాలివి. శిక్ష విషయంలో ఇవే వివరాలు అతడికి ప్రతికూలంగా పనిచేసి ఉంటాయని కూడా గుర్తుంచుకోవాలి. సీనియారిటీ ఉన్న ఎన్‌సీవోను (హవల్దారు వంటి కింది స్థాయి నాయకుడిని) ఏ సైనిక న్యాయస్థానమైనా కింది సిపాయి కంటే కఠినంగానే చూస్తుంది.

1930 ఏప్రిల్ 23న ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ను అరెస్టు చేశారు. అదే రోజు పెషావర్ నగరంలో కాంగ్రెస్ నాయకుల అరెస్టులూ జరిగాయి. ఆ వార్త పాకగానే జనం కాబూలీ దర్వాజా, కిస్సాఖానీ బజార్ ప్రాంతంలో గుమిగూడారు. సాయుధ శకటాలను గుంపు మీదికి తోలారు. జనం చక్రాల కింద పడ్డారు. మోటారుసైకిలు మీద వచ్చిన ఒక సైనిక వార్తాహరుడు చనిపోయాడు, ఒక శకటం తగలబడింది. ఆ తరువాత కాల్పులు మొదలై చాలాసేపు కొనసాగాయి. ప్రభుత్వ లెక్క ప్రకారం మృతులు ముప్పై చిల్లర. విఠల్‌భాయ్ పటేల్ నాయకత్వంలో కాంగ్రెస్ జరిపించిన విచారణ అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ అంచనా వేసింది, ఆ నివేదికను ప్రభుత్వం నిషేధించింది. జనంలో అత్యధికులు పఠాన్ ముస్లింలు, గఢ్వాలీ పటాలమంతా హిందువులు. హిందూ సిపాయిలను ముస్లిం గుంపు ముందు నిలబెడితే ఆజ్ఞాపాలనకు అడ్డంకి ఉండదన్న లెక్క ఆ ఎంపికలో ఉందని ఆనాటి జాతీయవాదులు ఆరోపించారు. ఆ ఆరోపణను నేను కొట్టిపారేయను. వలస పాలనలో పటాలాలను ఎక్కడ నిలపాలన్న నిర్ణయాలు మతాన్ని పక్కనబెట్టి జరిగేవి కావు.

గఢ్వాలీల నిరాకరణ సరిగ్గా ఎప్పుడు జరిగిందన్న దాని మీద రెండు కథనాలున్నాయి. గఢ్వాల్‌లో పిల్లలకు కూడా తెలిసిన కథనం ప్రకారం 23వ తేదీన బజారులోనే, కెప్టెన్ కాల్చమని ఆజ్ఞ ఇవ్వగానే చంద్రసింగ్ పక్కనుంచి “గఢ్వాలీ, సీజ్‌ఫైర్” అని అరిచాడు, రైఫిళ్ళు కిందికి దిగాయి. ప్రభుత్వం వైపు కథనంలో బరువంతా మరునాటి ఉదయం మీద ఉంది. 24వ తేదీన మళ్ళీ నగరంలోకి వెళ్ళడానికి లారీలు ఎక్కమంటే రెండు ప్లటూన్ల జవాన్లు ఎక్కలేదు. తాము నిరాయుధులైన సొంత మనుషుల మీద తుపాకీ పేల్చబోమని, సైన్యం ఉన్నది బయటి శత్రువుతో పోరాడడానికని, కావాలంటే తమనే ఫిరంగులకు కట్టి పేల్చెయ్యండని వాళ్ళు అన్నట్టు చెబుతారు. రాజీనామా కాగితం రాసి సంతకాలు పెట్టారని కూడా గఢ్వాలీల వైపు కథనం.

ఈ తేదీల తేడా చరిత్రకారుల తగువులా కనిపించవచ్చు గాని, న్యాయవాదికి కేసు మొత్తం అక్కడే ఉంది. కళ్ళ ముందు మనిషి నిలబడి ఉండగా, కాల్చమన్న మాట వినపడగా వేలు కదలకపోవడం ఒక రకం. రాత్రంతా బారక్‌లో కూర్చుని, చూసినదాన్ని తలచుకుని, ఇంకా ఎవరూ కాల్చమని చెప్పకముందే లారీ ఎక్కకూడదని తీర్మానించుకోవడం ఇంకో రకం. చట్టం దృష్టిలో రెండోది చాలా బలహీనమైన స్థితి. నగరంలోకి వెళ్ళమనడం దానికదిగా పూర్తిగా చట్టబద్ధమైన ఆజ్ఞ, రాబోయే ఆజ్ఞ తప్పుగా ఉండవచ్చన్న ఊహ దానికి సమాధానం కాదు. నీతి దృష్టితో చూస్తే మాత్రం రెండోదానికే ఎక్కువ గౌరవం ఇవ్వాలనిపిస్తుంది. మొదటిది మనసు ఒక్కసారిగా ఎదురు తిరగడం వల్ల కూడా జరిగి ఉండవచ్చు. రెండోదానిలో ఆలోచన ఉంది, తరువాత ఏం జరుగుతుందో తెలిసి చేసిన నిర్ణయం ఉంది. వృత్తిలో నాకు కనబడే విచిత్రం ఇదే. చట్టం ముందు నిలబెట్టడానికి సులభమైన నిరాకరణ ఆలోచించకుండా చేసినది, అంతరాత్మ పేరుకు నిజంగా తగినది ఆలోచించి చేసినది.

జవాన్లను అబోటాబాద్‌లో కోర్టు మార్షల్ ముందుకు తెచ్చారు. గఢ్వాల్‌కు చెందిన బారిస్టర్ ముకుందీలాల్ వాళ్ళ తరఫున వాదించాడు. సంయుక్త రాష్ట్రాల శాసనమండలిలో పనిచేసిన ఈయన గఢ్వాలీ చిత్రకళ మీద పరిశోధనకు కూడా పేరుపొందిన మనిషి. పదిహేడుమందికి భారీ శిక్షలు పడ్డాయి. చంద్రసింగ్‌కు యావజ్జీవ ద్వీపాంతరవాసం, ఇంకొకరికి పదిహేనేళ్ళ కఠిన కారాగారం, మిగిలిన పదిహేనుమందికి మూడేళ్ళ నుంచి పదేళ్ళ వరకు. మరికొందరు సర్వీసు నుంచి బర్తరఫ్ అయ్యారు. మరణశిక్ష ఎవరికీ పడలేదు. పెషావర్ మంట ఇంకా ఆరని ఆ రోజుల్లో, అదీ తిరుగుబాటు కింద విచారించదగిన కేసులో, ఇది చిన్న విషయం కాదు. ఉరి తప్పించడమే ఆ కేసులో న్యాయవాది సాధించగలిగిన గరిష్ఠ ఫలితమని నా అంచనా.

సైనిక చట్టాల్లో ఒక నిర్మాణ లక్షణం ఉంది. పెషావర్ కేసును అర్థం చేసుకోవాలంటే దాన్ని కాస్త నిలబడి చూడాలి. ఒక్క జవాను ఆజ్ఞను పాటించకపోతే అది అవిధేయత. ఇప్పటి సైన్య చట్టం (1950) 41వ సెక్షను ప్రకారం ధిక్కార భావంతో చేస్తే పధ్నాలుగేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. అదే పనిని ఇద్దరు ముగ్గురు కూడబలుక్కుని చేస్తే అది 37వ సెక్షను కింద సైనిక తిరుగుబాటు అవుతుంది, శిక్ష మరణం దాకా వెళ్ళవచ్చు. అంతటితో ఆగదు. తిరుగుబాటు జరుగుతున్న చోట ఉండి దాన్ని అణచడానికి తన శక్తికొద్దీ ప్రయత్నించనివాడు, జరగబోతోందని తెలిసి పై అధికారికి చెప్పనివాడు కూడా అదే సెక్షను కిందికి వస్తాడు. అంతరాత్మ ఎవరి మటుకు వారిదే. కానీ ఒకే గదిలో పడుకునే ముప్పైమందికి ఒకే రాత్రి ఒకే బాధ కలిగితే, అందులో ఒకడు తన బాధను పక్కవాడితో చెప్పుకున్న క్షణం నుంచి చట్టం దాన్ని కుట్రగా చదవడం మొదలుపెడుతుంది. విన్నవాడు కూడా చిక్కులో పడతాడు. చెబితే తోటివాడికి ద్రోహం, చెప్పకపోతే నేరం. 23వ తేదీ రాత్రి ఆ బారక్‌లో మెలకువగా ఉండి ఏమీ మాట్లాడని సిపాయి పరిస్థితి చంద్రసింగ్ పరిస్థితి కంటే తేలిక అని నేను అనుకోను.

అయితే ఒక్కడే నిరాకరించి ఉంటే? పక్కవాడు కాల్చేవాడు, ఇతడిని గార్డు రూముకు తీసుకుపోయేవారు, పెషావర్‌లో తేడా ఏమీ ఉండేది కాదు. కలిసి నిరాకరించడం వల్లనే ఆ నిరాకరణకు ప్రభావం వచ్చింది, కలిసి నిరాకరించడం వల్లనే నేరం పెద్దదైంది. ఏప్రిల్ 25 నుంచి మే 4 వరకు నగరం నుంచి సైన్యాన్నీ పోలీసులనూ ఉపసంహరించవలసి వచ్చింది.

రాజీనామా సంగతి చూద్దాం. సామాన్యుడి బుద్ధికి అందులో తప్పు కనిపించదు. పని నచ్చలేదు, మానేశాడు. కానీ సైన్యంలో చేరిన జవానుకు రాజీనామా అనేది హక్కు కాదు. అతడు డిశ్చార్జి కోరవచ్చు, ఇవ్వడం ఇవ్వకపోవడం పైవాళ్ళ ఇష్టం, ఇచ్చేదాకా ఆజ్ఞలన్నీ అతడిని కట్టిపడేస్తూనే ఉంటాయి. అధికారుల రాజీనామా కూడా ఆమోదం పొందేదాకా అమలులోకి రాదు. అంటే 24వ తేదీ ఉదయం గఢ్వాలీలకు చట్టబద్ధంగా బయటికి వెళ్ళే తలుపు ఒక్కటి కూడా లేదు. అంతరాత్మ ఉన్నవాడు ముందే ఉద్యోగం వదిలి వెళ్ళి ఉండాల్సింది అని సుఖంగా చెప్పేవాళ్ళు ఈ సంగతిని పట్టించుకోరు.

ఆజ్ఞ చట్టబద్ధమేనా అన్నది తరువాతి ప్రశ్న. ‘చట్టబద్ధమైన ఆజ్ఞ’ను ధిక్కరిస్తేనే నేరం కనుక, కాగితం మీద ఇది ముద్దాయికి పెద్ద ఆసరా. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ గుంపును చెదరగొట్టడానికి సైన్యాన్ని పిలవవచ్చని చెబుతూనే, వీలైనంత తక్కువ బలం వాడాలని, మనిషికీ ఆస్తికీ వీలైనంత తక్కువ నష్టం కలిగించాలని కూడా చెప్పింది. సాయుధ శకటాలతో జనాన్ని తొక్కించిన తరువాత జరిగిన కాల్పులు ఆ కొలతకు నిలుస్తాయా అని వాదించవచ్చు. కానీ ఇదే దేశపు శిక్షాస్మృతి 76వ సెక్షనులో, చట్టం ఆజ్ఞలకు అనుగుణంగా పై అధికారి చెబితే గుంపు మీద కాల్పులు జరిపిన సిపాయి నేరం చెయ్యలేదు అని ఒక ఉదాహరణ ఇచ్చింది. 2024లో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక కూడా ఆ ఉదాహరణ 14వ సెక్షను కింద అలాగే ఉంది. కాల్చినవాడికి రక్షణ ముందే రాసిపెట్టి ఉంది. కాల్చనివాడు మాత్రం ఆజ్ఞ చట్టవిరుద్ధమని తానే రుజువు చేసుకోవాలి, అది కూడా ధిక్కరించిన తరువాత, తనను విచారించే అదే సైన్యపు అధికారుల ముందు. నాజీ నాయకుల మీద జరిగిన నూరెంబర్గ్ విచారణ తరువాత పైవాడి ఆజ్ఞ అన్నది పూర్తి సాకు కాదని ప్రపంచం ఒప్పుకుంది. దానివల్ల ఘోరమైన ఆజ్ఞను పాటించినవాడిని శిక్షించడం సాధ్యమైంది గాని, నిరాకరించిన సిపాయికి ఆ క్షణంలో దొరికే రక్షణ పెద్దగా పెరగలేదు.

గాంధీజీ వైఖరి ఈ కేసులో చాలామందిని ఇబ్బంది పెట్టే భాగం. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళినప్పుడు ఫ్రెంచ్ పాత్రికేయుడు చార్లెస్ పెట్రాష్ ఆయనను గఢ్వాలీల గురించి సూటిగా అడిగాడు. కాల్చమన్న ఆజ్ఞను ధిక్కరించిన సైనికుడు తాను చేసిన ప్రమాణాన్ని ఉల్లంఘించినవాడవుతాడని, అది నేరపూరితమైన అవిధేయత అని గాంధీజీ జవాబిచ్చారు. అధికారులనూ సైనికులనూ ధిక్కరించమని తాను చెప్పలేనని, రేపు తానే అధికారంలోకి వస్తే బహుశా అదే అధికారులనూ అదే సైనికులనూ వాడుకోవలసి ఉంటుందని, ఇప్పుడు ధిక్కారం నేర్పితే అప్పుడు తనను కూడా ధిక్కరిస్తారేమోనన్న భయం ఉంటుందని కూడా అన్నారు.

ఈ మాటలను రాజకీయ కపటం అని తేల్చెయ్యడం సులువు. నేను అలా అనను. ఆయన వాదనలో గట్టి భాగం ఒకటుంది. ప్రమాణం చేసి ఆయుధం తీసుకున్నవాడు ఎప్పుడు పాటించాలో ఎప్పుడు మానాలో తానే నిర్ణయించుకోవడం మొదలుపెడితే, ఆ నిర్ణయం ఎప్పుడూ నిరాయుధుల వైపే ఉంటుందన్న హామీ లేదు. మతకలహం అదుపు చెయ్యడానికి వెళ్ళిన పటాలం మా వాళ్ళ మీద మేము కాల్చం అని నిలబడితే ఆ మాట గఢ్వాలీల మాటలాగే వినిపిస్తుంది, కానీ దాని కింద చచ్చేవాళ్ళు వేరు. సైన్యం తన ఇష్టాయిష్టాల ప్రకారం నడిచే దేశాల్లో పౌరుల గతి ఏమవుతుందో మన చుట్టుపక్కలే చూశాం.

అయినా ఆ వాదన ఈ కేసుకు సరిగ్గా అతకదు. గఢ్వాలీలు తుపాకీ గొట్టాన్ని అధికారి వైపు తిప్పలేదు. పారిపోలేదు, గుంపుకు నాయకత్వం వహించలేదు. చేసిన పనికి శిక్ష పడుతుందని తెలిసి అక్కడే నిలబడ్డారు. అన్యాయమైన ఆజ్ఞను బహిరంగంగా, అహింసగా ఉల్లంఘించి శిక్షను తలవంచి స్వీకరించడమే సత్యాగ్రహమైతే, ఆ ఏప్రిల్‌లో దేశమంతటా దాన్ని వీళ్ళకంటే ఖరీదైన ధరకు ఆచరించినవాళ్ళు తక్కువ. దండి తీరాన ఉప్పు పట్టుకున్నవాడికి పడే శిక్ష నెలల్లో ఉంటుంది, వీళ్ళది ఉరిదాకా వెళ్ళగలిగినది. గాంధీజీ ప్రమాణాన్ని చూశారు గాని, ప్రమాణం చేసిన మనిషికి నిష్క్రమించే దారి లేదన్న సంగతిని చూడలేదని నా అభిప్రాయం. ప్రమాణం పవిత్రమని చెప్పేవాడు, అంతరాత్మ ఒప్పుకోనప్పుడు దాని నుంచి విడుదల పొందే మార్గం కూడా ఉండాలని అడగాలి. ఆయన అడగలేదు, ఒప్పందంలో దాని ప్రస్తావన లేదు.

ఇంకో కొలతతో కూడా చూడవచ్చు. 1942లో సింగపూర్ లొంగిపోయినప్పుడు ఇదే రెజిమెంటుకు చెందిన రెండు బెటాలియన్లు, వాటిలో పెషావర్‌లో ఉన్న ఈ రెండో బెటాలియన్ కూడా, జపాన్ చేతికి చిక్కాయి. ఆ బందీల్లోంచి చాలామంది గఢ్వాలీలు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. వాళ్ళు ప్రమాణం తప్పడమే కాదు, ఆయుధం పట్టి ఎదురు నిలబడ్డారు. 1945 చివర ఎర్రకోటలో ఫౌజు అధికారుల విచారణ జరిగినప్పుడు కాంగ్రెస్ అగ్రశ్రేణి న్యాయవాదులతో, భూలాభాయ్ దేశాయ్ నాయకత్వంలో వాళ్ళ పక్షాన నిలిచింది. దేశం ఊగిపోయింది. ప్రమాణం తప్పడమే కాంగ్రెస్‌కు అడ్డమైతే అక్కడా అడ్డం కావాలి. తేడా సమయంలో ఉంది. 1931లో కాంగ్రెస్ బేరమాడే స్థితిలో ఉంది, సైన్యం విధేయత బేరంలో అవతలివాడి ఆస్తి. 1945 నాటికి ఆ ఆస్తి చేతులు మారబోతోందని అందరికీ తెలుసు. ఆ వెంటనే 1946 ఫిబ్రవరిలో నావికా దళ సిబ్బంది సమ్మె చేసినప్పుడు కాంగ్రెస్ పెద్దలు మళ్ళీ క్రమశిక్షణ వైపే మొగ్గారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక సూత్రం కంటే అవసరమే ఎక్కువగా కనిపిస్తుంది.

చంద్రసింగ్ పదకొండేళ్ళు దాటి జైల్లో ఉన్నాడు. చాలాకాలం కాళ్ళకు బేడీలతోనే గడిచింది, ఒక జైలు నుంచి ఇంకో జైలుకు మారుస్తూ పోయారు. 1941లో విడుదల చేసినా గఢ్వాల్‌లో అడుగుపెట్టకూడదన్న నిషేధం ఉండేది. కొంతకాలం కుటుంబంతో వార్ధాలో, గాంధీజీ ఆశ్రమ పరిసరాల్లోనే ఉన్నాడు. తన పనిని నేరమన్న మనిషి నీడకే చేరవలసి రావడం మీద ఎవరి వ్యాఖ్యానం వాళ్ళు చేసుకోవచ్చు. అతడు దాన్ని పగగా పెట్టుకున్నట్టు కనిపించదు, 1942 ఉద్యమంలో మళ్ళీ అరెస్టయ్యాడు. 1946 చివరికి గాని సొంత గడ్డకు చేరలేదు. తరువాత కమ్యూనిస్టు పార్టీలో పనిచేశాడు. గఢ్వాల్‌లో కొత్త ఊళ్ళు కట్టాలని, కొండలకు ప్రత్యేక రాజధాని గైర్‌సైణ్ ప్రాంతంలో రావాలని కలలు కంటూ 1979 అక్టోబర్ 1న కన్నుమూశాడు.

అతడి పేరైనా మిగిలింది. మిగిలిన పదహారుమంది పేర్లు చెప్పమంటే గఢ్వాల్ బయట ఎవరూ చెప్పలేరు. బర్తరఫ్ అయినవాళ్ళ సంగతి సరేసరి. పింఛను లేదు, మనీఆర్డరు ఆగిపోయింది, కొండవాలున ఉన్న మడి అంతే ఉంది. సామూహిక నిరాకరణకు సంబంధించిన కేసుల్లో నేను ముందు చూసేది ఇదే. నాయకుడు ఆలోచించి దిగాడు, అతడి వెనక సంతకం పెట్టినవాడిలో ఎంతమంది ఆలోచించారు, ఎంతమంది పక్కవాడి ముఖం చూసి పెట్టారు? జనంమీద కాల్చం అని నాయకుడు చెప్పే మాటలో ‘మేము’ అన్నప్పుడు, ఆ ‘మేము’లోకి చేరినవాళ్ళ భార్యాపిల్లల ఖర్చు కూడా అతడు తలకెత్తుకున్నట్టే. దీనివల్ల నిరాకరణ తప్పు అయిపోదు. కానీ సరైన పని చేసిన నాయకుడికి కూడా తనవాళ్ళకు తీర్చవలసిన ఒక రుణం మిగిలిపోతుంది, దాన్ని తీర్చే వ్యవస్థ ఏదీ అతడి చేతిలో ఉండదు.

ప్రాణాలు దక్కాయా అన్న ప్రశ్న కూడా వెయ్యాలి. 23న గఢ్వాలీలు కాల్చకపోయినా ఇతర పటాలాలు కాల్చాయి. నెల రోజులు దాటాక, మే 31న, ఒక బ్రిటిష్ సైనికుడి రైఫిల్ పొరపాటున పేలి ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆ పిల్లల అంత్యక్రియల ఊరేగింపు మీద కూడా పెషావర్‌లో కాల్పులు జరిగాయి. ఫలితం లెక్క కడితే నిరాకరణ వల్ల చావులు ఆగాయని గట్టిగా చెప్పలేం. గఢ్వాలీలు చెప్పినది కూడా అది కాదు. చావు ఆపుతామని వాళ్ళు అనలేదు, ఆ చావు మా చేతిమీదుగా జరగదు అన్నారు. న్యాయస్థానంలో ఈ రెండు మాటల మధ్య దూరం చాలా ఎక్కువ. మొదటిది ‘పెద్ద హానిని ఆపడానికి తప్పనిసరై చేశాను’ అన్న రక్షణ కింద వాదించదగినది, రెండోదానికి చట్టంలో గూడు లేదు.

గూడు లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. వీళ్ళు యుద్ధ వ్యతిరేకులు కారు. చంద్రసింగ్ ఫ్రాన్సులో జర్మన్ల మీద తుపాకీ పేల్చినవాడు, రేపు సరిహద్దు దాటి శత్రువు వస్తే మళ్ళీ పేల్చేవాడే. అంతరాత్మ కారణంగా సైనిక సేవను నిరాకరించే హక్కును గుర్తించిన దేశాలు కూడా ఎక్కువగా యుద్ధం మొత్తాన్ని వ్యతిరేకించేవాళ్ళకే ఆ హక్కు ఇచ్చాయి. ఈ యుద్ధం సరే, ఆ యుద్ధం వద్దు అనేవాళ్ళకు ఇవ్వలేదు. బ్రిటన్ 1916 సైనిక సేవా చట్టం పోరాట సేవ మీద అభ్యంతరాన్నే గుర్తించింది, అమెరికా సుప్రీంకోర్టు 1971లో జిలెట్ కేసులో ఈ తేడానే స్పష్టం చేసింది. మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు కనుక ఆ చర్చే రాలేదు. ఎవరూ బలవంతం చెయ్యలేదు, నువ్వే వచ్చావు అన్నది మన న్యాయస్థానాల స్థూల దృష్టి. మనీఆర్డరు కోసం చేరిన కొండ కుర్రాడి విషయంలో ‘నువ్వే వచ్చావు’ అన్న మాటకు ఎంత అర్థముందో నాకు ఎప్పుడూ అనుమానమే.

ఇప్పటి స్థితి కూడా మారలేదు. రాజ్యాంగం 33వ అధికరణ సైనికుల ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. మతపరమైన నమ్మకం కారణంగా రెజిమెంటు ప్రార్థనా స్థలం గర్భగుడిలోకి అడుగుపెట్టనన్న ఒక అధికారి తొలగింపును సుప్రీంకోర్టు 2025 నవంబర్‌లో సమర్థించింది. ఆ కేసుకూ పెషావర్‌కూ పోలిక తక్కువ. అక్కడ ప్రశ్న తన ఆచారం, ఇక్కడ ప్రశ్న ఎదుటివాడి ప్రాణం. కానీ ఆజ్ఞ ముందు అంతరాత్మ వాదన ఏ దిక్కుగా వెళ్తుందో ఆ తీర్పు చెబుతుంది.

అందుకని ఇటువంటి కేసు వస్తే, ముద్దాయి చట్టం దృష్టిలో నిర్దోషి అని వాదించడం మీద నేను ఆశ పెట్టుకోను. ఆజ్ఞ పైకి చూడగానే చట్టవిరుద్ధమైనదైతే తప్ప ఆ వాదన నిలవదు. పోరాటం శిక్ష దగ్గర జరగాలి. ప్రతి ముద్దాయి వాంగ్మూలాన్నీ విడివిడిగా తీసుకోవాలి, ‘మేము’ అని రాయనివ్వకూడదు. రైఫిల్‌ను కోత్‌లో (ఆయుధాలు దాచే గదిలో) ఎప్పుడు, ఎవరి చేతికి జమచేశాడో రిజిస్టరుతో సహా చూపాలి. ఎవరినీ బెదిరించలేదని, కాపలా స్థలం వదలలేదని, అంతకు ముందు సర్వీసు మచ్చలేనిదని నిరూపించాలి. డిశ్చార్జి కోరి ఉంటే ఆ కాగితం రికార్డులో ఉండేలా చూడాలి, నిరాకరించి ఉంటే ఆ నిరాకరణ కూడా. ఇవి నేరాన్ని చెరపవు, కానీ కోర్టు మార్షల్ తీర్పును ధ్రువీకరించే అధికారికీ, సైన్య చట్టం 179వ సెక్షను కింద క్షమాభిక్ష ఇవ్వగలిగిన ప్రభుత్వానికీ చేతిలో పెట్టుకోవడానికి ఒక ఆధారం ఇస్తాయి. గాంధీ–ఇర్విన్ ఒప్పందంలో గఢ్వాలీల పేర్లు చేర్చి ఉంటే ప్రమాణం చెల్లదని ఎవరూ ఒప్పుకున్నట్టు అయ్యేది కాదు. క్షమాభిక్ష నేరాన్ని అంగీకరించాకే వస్తుంది. గాంధీజీ తన సూత్రాన్ని చెక్కుచెదరనివ్వకుండానే ఆ పదిహేడుమంది విడుదల అడిగి ఉండవచ్చు. ఇర్విన్ కాదని ఉండేవాడేమో, కానీ ఆ నిరాకరణ అప్పుడు వైస్రాయ్ ఖాతాలో పడేది.